తెర మీది హిందూపురం

రుక్సానాకు ఉద్యోగం వచ్చిందని తెలిసిన రోజు ఆమె తండ్రి హజరత్‌వలి పని ఆపేసి, ఒంటి మీది దూది దులుపుకొని, తనే మిఠాయి అంగడికి పోయి మైసూరుపాకు తెచ్చాడు. హిందూపురం బజారులో, బస్సులు తిరిగే మలుపు దగ్గర, నీలం రేకుల కింద ఆయనది పరుపుల అంగడి. దూది ఏకడం, పరుపులు కుట్టడం వాళ్ళింట్లో తరతరాల పని. ఏకేటప్పుడు లేచిన దూది రోడ్డు దాటిపోయి ఎదురుగా ఓబుళప్ప టీ గ్లాసుల్లో పడేది. ఓబుళప్ప అరిచేవాడు. హజరత్‌వలి వినపడనట్టు ఏకుతూనే ఉండేవాడు. వాళ్ళిద్దరి స్నేహం అలాంటిది.

"పాపది ఏం ఉద్యోగమప్పా?" మైసూరుపాకు నోట్లో వేసుకుంటూ ఓబుళప్ప అడిగాడు.

"కంప్యూటర్లో రోడ్లేసేదంట."

"కంప్యూటర్లో ఏంటికి? ఈడ ఎయ్యమను. గుంతలు ఈడ ఉండాయి."

నిజానికి ఆ ఉద్యోగమేమిటో రుక్సానాకూ సరిగ్గా తెలియదు. డిగ్రీ అయ్యాక ఒక సంవత్సరం కంప్యూటర్ కోర్సు చేసి ఇంట్లో కూర్చుంది. ఆ ఏడాదే, అంటే రెండువేల నాలుగులో, పట్టణ రాకపోకల ప్రత్యేక విభాగం అనేదొకటి కొత్తగా పుట్టి, పెనుకొండలో ఒక పాత మిద్దెలో కాపురం పెట్టింది. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ఊళ్ళలో రోడ్ల మీద రద్దీ ఎందుకు వస్తోందో కనిపెట్టడం దాని పని. ఎందుకు వస్తోందో ఆ మూడు ఊళ్ళలో ఏ ఆటోవాణ్ణి అడిగినా చెబుతాడు. కానీ ఆటోవాడు చెబితే అది మాట, కంప్యూటరు చెబితే అది నివేదిక. అందుకని ఊరిని తెర మీద కట్టి, అందులో బొమ్మ బస్సులనూ బొమ్మ మనుషులనూ నడిపించి చూసే ఒక సాఫ్ట్‌వేర్ కొన్నారు. దాన్ని నడపడానికి కాంట్రాక్టు మీద రుక్సానాను తీసుకున్నారు. ఆమె రోజూ పొద్దున్నే బస్సెక్కి, సోమందేపల్లి మీదుగా పెనుకొండ చేరేది.

విభాగానికి అధికారి మురళీధర్. మడత నలగని చొక్కా, జేబులో రెండు పెన్నులు, ఎప్పుడూ ఎవరో పెద్దవాళ్ళు ఫోన్ చేయబోతున్నట్టు ముఖం. సాఫ్ట్‌వేర్ నేర్పడానికి బెంగళూరు నుంచి ఒకాయన వచ్చాడు. ఆయనకు సాయంత్రం తిరుగు బస్సు ఉండడంతో, తెర పైనున్న టూల్‌బార్ దాకా నేర్పి ఆపేశాడు.

టూల్‌బార్ అంటే వరసగా చిన్న చిన్న బొమ్మలు. భూతద్దం నొక్కితే ఊరు దగ్గరికి వస్తుంది, దూరమూ పోతుంది. చెయ్యి బొమ్మతో పట్టుకొని లాగితే ఊరు ఊరంతా పక్కకు జరుగుతుంది. గుండ్రటి బాణంతో దాన్ని బొంగరంలా తిప్పవచ్చు. తిప్పీ తిప్పీ ఎక్కడున్నామో తెలియకపోతే ఇంటి బొమ్మ నొక్కాలి, మళ్ళీ మొదటికొస్తుంది. ఒక పక్కన పొరల పట్టీ ఉంటుంది. బస్సులు, ఆటోలు, నడిచే మనుషులు, తోపుడు బండ్లు, పశువులు, రోడ్డు పక్క అంగళ్ళు, ఒక్కోదానికి ఒక్కో పొర. ప్రతి పొర పక్కనా ఒక కన్ను బొమ్మ. కన్ను మూస్తే ఆ పొర మాయమవుతుంది, లెక్కలోంచి కూడా పోతుంది. తెరిస్తే తిరిగొస్తుంది. అన్నిటికీ చివర ముక్కోణం బొమ్మ. అది నొక్కితే తెర మీద ఊరు కదలడం మొదలవుతుంది.

"మిగతాదంతా పుస్తకంలో ఉంది," అని బెంగళూరు ఆయన వెళ్ళిపోయాడు. పుస్తకం ఇటుకంత లావుంది. తెర కాస్త కిందికి ఉందని మురళీధర్ దాన్ని మానిటర్ కింద పెట్టించాడు. అది మళ్ళీ పైకి రాలేదు.

మురళీధర్‌కు చెయ్యి బొమ్మ మీద ప్రాణం. "ఇన్నేళ్ళ సర్వీసులో ఒక చెత్తకుండీని పక్కకు జరిపించలేకపోయానమ్మా. ఇప్పుడు చూడు," అంటూ పెనుకొండను కొండతో సహా పట్టుకొని తెర చివరిదాకా లాగేవాడు. ఆఫీసుకు ఎవరొచ్చినా, ఆఖరికి నీళ్ళ క్యాను దించడానికి వచ్చినవాడికి కూడా, ఊళ్ళను తిప్పి చూపించేవాడు.

రుక్సానా మాత్రం హిందూపురాన్ని ఇష్టంగా కట్టింది. ఆదివారాలు బజారంతా నడిచి, ఎక్కడేముందో చూసుకొని, సోమవారం తెర మీద పెట్టేది. పూల యల్లక్క గంప, రామకృష్ణ శెట్టి బట్టల అంగడి మెట్లు, సంతరోజు చిలమత్తూరు నుంచి వచ్చే గొర్రెల మంద. నాయన అంగడిని పెట్టిన రోజు భూతద్దంతో బాగా దగ్గరికి పోయి, రేకులకు నీలం రంగు వేసి, కాసేపు దాన్నే చూస్తూ కూర్చుంది. చూసి చూసి, అసలు అక్కడ లేని ఒక పందిరి కూడా ముందుకు వేసింది. నాయన ఎండలో కూర్చొని కుడతాడని ఆమెకు ఎప్పటినుంచో బాధ.

అంతా అయ్యాక మురళీధర్ కుర్చీ దగ్గరికి లాక్కొని ముక్కోణం నొక్కాడు.

బొమ్మ బస్సు మలుపు దాకా వచ్చింది. గొర్రెలు అడ్డం వచ్చాయి. వెనక ఆటోలు ఆగాయి. ఆటోల సందుల్లోంచి మనుషులు దూరారు. తోపుడు బండి ఒకటి ఎటూ పోలేక నిలబడిపోయింది. రోడ్డంతా ఎర్రగా మారింది. ఎరుపంటే రద్దీ అని అర్థం.

"ఇదేంటమ్మా?" మురళీధర్ ముఖం కూడా అదే రంగులోకి వచ్చింది.

"హిందూపురం సార్," అంది రుక్సానా.

"బయట ఉన్నదే లోపల కనపడితే ఇక కంప్యూటరెందుకు? పైవాళ్ళకు మనం చూపించాల్సింది పరిష్కారం."

పరిష్కారం కోసం ఆయన టూల్‌బార్ వైపు చూశాడు. మొదట భూతద్దంతో దూరం జరిగాడు. ఊరు చిన్నదైంది గానీ ఎరుపు పోలేదు. అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. వెనకనుంచి చూసినా ఎర్రగానే ఉంది. అప్పుడు ఆయన చూపు కన్ను బొమ్మల మీద పడింది. పశువుల కన్ను మూశాడు. గొర్రెలు పోయాయి. తోపుడు బండ్ల కన్ను మూశాడు. రోడ్డు పక్క అంగళ్ళు మూశాడు. కాస్త ఆలోచించి, నడిచే మనుషులను కూడా మూసి, మళ్ళీ ముక్కోణం నొక్కాడు.

బస్సు జుయ్యిమని వెళ్ళిపోయింది. రోడ్డు పచ్చగా మెరిసింది. ఒక్క మనిషి లేని హిందూపురంలో బస్సులు ఒకదాని వెనక ఒకటి హాయిగా తిరిగాయి.

"చూశావా! రోడ్డు పక్క ఆక్రమణలు తీసేస్తే చాలు. కంప్యూటరే చెబుతోంది."

"మనుషుల్ని కూడా తీసేసినాం కద సార్?"

"వాళ్ళు ఎక్కడికి పోతారమ్మా, ఫుట్‌పాత్ మీద నడుస్తారు."

ఫుట్‌పాత్ యాడుండాది అని అడగబోయి రుక్సానా ఊరుకుంది. చేరి ఇంకా ఎన్నో నెలలు కాలేదు. పైగా మూసింది మనుషులను కాదు, బూడిదరంగు చుక్కలను అనిపించింది. పచ్చటి రోడ్డును రంగుల్లో ప్రింటు తీసి, అందమైన అట్ట వేసి పంపింది. ధర్మవరానికీ అలాగే చేశారు. అక్కడి వీధుల్లో నేతగాళ్ళు పట్టు దారాల పడుగులు బారుగా సాగదీసి పని చేసుకుంటారు. ఆ పొరకూ కన్ను మూశారు.

తర్వాతి ఎండాకాలానికి ఆ నక్షాకు ఆమోదం వచ్చింది. దాని వెనకే నోటీసులు వచ్చాయి. రుక్సానా ఒక సాయంత్రం బస్సు దిగి అంగడి దగ్గరికి వచ్చేసరికి నీలం రేకుల మీద కాగితం అతికించి ఉంది. ఆమోదించిన నక్షా ప్రకారం ఈ స్థలంలో ఎటువంటి నిర్మాణమూ లేదు, కావున ఉన్నదానిని తొలగించవలెను అని దాని సారాంశం. హజరత్‌వలి దాన్ని చదివించుకొని, అర్థంకాక మళ్ళీ చదివించుకున్నాడు.

"లేదంటాండారు, తీసేయమంటాండారు. లేనిదాన్ని యెట్ల తీస్తారమ్మా?"

రుక్సానా పొరల సంగతి, కన్ను బొమ్మ సంగతి తల వంచుకొని చెప్పింది.

"అంటే, నువ్వు కన్ను మూస్తే నేను లేకుండా పోయినానా?"

"నేను కాదు నాయనా, మా సారు."

"మీ సారు పక్కన ఎవురుండిరి?"

అంగడి వెనకే ఉన్న ఇంటి వంటింట్లోంచి వింటున్న తల్లి బుడన్‌బీ చెయ్యి తుడుచుకుంటూ వచ్చింది. ఆమెకు ఇందులో పెద్ద చిక్కేమీ కనపడలేదు.

"దానికి ఇంత ఏడుపు ఏంటికి? మూసినోళ్ళు మీరే కదా, పొద్దన్నే పొయ్యి తెరిచి రా."

పొద్దున్నే రుక్సానా తెరిచిరావడానికే పోయింది. మురళీధర్ ఒప్పుకోలేదు. ఆమోదం అయిన నక్షాను ముట్టుకోకూడదన్నాడు. ఆమె మలుపు దగ్గర పరుపుల అంగడి నిజంగా ఉందని, అది తన తండ్రిదని చెప్పింది. మురళీధర్ జాలిగానే చూశాడు.

"నక్షాలో లేనిది నేల మీద ఉంటే, తప్పు నక్షాది కాదమ్మా, నేలది."

అదే వారం ధర్మవరంలో సభ పెట్టారు. హైదరాబాదు నుంచి విశాలాక్షి అనే పెద్ద అధికారి వచ్చి మూడు ఊళ్ళ ప్రణాళికలు చూసి, కూల్చివేతలకు తేదీ ఖాయం చేస్తారు. ఒక కల్యాణమండపంలో పెద్ద తెర కట్టారు. ముందు వరసల్లో అధికారులు, వెనక పట్టు వ్యాపారులు, గోడల వెంబడి నేతగాళ్ళు. వేదిక మీద మురళీధర్ మాట్లాడుతుంటే, కింద మూలన కంప్యూటర్ ముందు కూర్చొని ఆయన చెప్పిన బొమ్మ నొక్కడం రుక్సానా పని.

మురళీధర్ ఆ రోజు తనను తానే మించిపోయాడు. ముందు ధర్మవరాన్ని, తర్వాత హిందూపురాన్ని ఆకాశం నుంచి చూపించాడు. కిందికి దింపాడు, గుండ్రంగా తిప్పాడు. పచ్చటి రోడ్ల మీద బస్సులు పారుతుంటే జనం నోళ్ళు తెరిచారు. విశాలాక్షి మాత్రం చెంపకు చెయ్యి ఆనించుకొని, ఆవులింత ఆపుకుంటూ చూస్తోంది.

"ఇప్పుడు మళ్ళీ మొదటి దృశ్యానికి వెళదాం. రుక్సానా, ఇంటి బొమ్మ!"

రుక్సానా మౌస్ పట్టుకుంది. ఇంటి బొమ్మ పైన ఉంది, కన్నులు పక్కన ఉన్నాయి. నాయన ముఖం గుర్తొచ్చింది. ఇక ఆలోచిస్తే చేయలేనని తెలిసి, పట్టీలో ఉన్న కన్నులన్నీ టకటకా తెరిచేసి ముక్కోణం నొక్కింది.

తెర నిండిపోయింది. గొర్రెలు, బండ్లు, గంపలు, గొడుగులు, గుంపులు గుంపులుగా మనుషులు. బస్సు ఆగింది. రోడ్డు ఈ చివరి నుంచి ఆ చివరి దాకా ఎర్రబడింది.

"వైరస్!" అన్నాడు మురళీధర్. "మేడమ్, ఇది కంప్యూటర్ వైరస్."

గోడ పక్కన నిలబడిన నేతగాడు పోతులయ్య చెయ్యెత్తాడు. "వైరస్ కాదు సార్. అది హిందూపురమే. నేను సంతకు పోతాంటా కదా. మా ధర్మవరంలో పడుగులు యాడ పోయినాయి? వాటిని గూడా ఇడిసిపెట్టండి."

జనం గొల్లుమన్నారు. విశాలాక్షి కుర్చీలోంచి లేచి తెర దగ్గరికి నడిచింది. వేలితో మలుపు దగ్గర నీలం రేకులను చూపించింది.

"ఇదేంటి?"

"పరుపుల అంగడి మేడమ్," రుక్సానా లేచి నిలబడింది. "మా నాయనది."

ఉద్యోగం పోయిందనే అనుకుంది. విశాలాక్షి వెనక్కి తిరిగి మురళీధర్‌ను తేరిపార చూసింది.

"మురళీధర్ గారూ, ఈ ఏడాది చాలా జిల్లాలు తిరిగాను. అందరూ నాకు మనుషుల్లేని రోడ్లే చూపించారు. మొదటిసారి ఒక ఊరు చూస్తున్నాను. ఎంత క్షేత్ర పరిశీలన చేశారండీ!"

మురళీధర్ తెల్లబోయింది ఒక్క క్షణమే. మరుక్షణం చేతులు కట్టుకొని వినయంగా వంగాడు. "ఎండనక వాననక తిరిగాను మేడమ్. కావాలనే చివరికి దాచి ఉంచాం."

విశాలాక్షి అక్కడికక్కడే చెప్పేసింది. మూడు ఊళ్ళలోనూ ప్రతి అంగడీ, ప్రతి బండీ, ప్రతి మనిషీ తెర మీదికి ఎక్కాలి. ఆ నమూనా సంపూర్ణం అయ్యేదాకా నేల మీద ఒక్క రేకు కూడా కదలడానికి వీల్లేదు. చప్పట్లు మోగాయి. మురళీధర్‌కు దండ వేశారు. తిరుగుదారిలో జీపులో పెనుకొండ దగ్గర పడ్డాక ఆయన రుక్సానాతో, "ఇంకోసారి నన్ను అడిగి తెరువమ్మా," అన్నాడు.

కంప్యూటర్లో ఉన్నవాళ్ళను కూల్చరట అనే కబురు తెల్లారేసరికి మూడు ఊళ్ళకూ పాకింది. ఆ రోజు నుంచి పాత మిద్దె ముందు జాతర. ఓబుళప్ప టీ అంగడికి తాళం వేసి మరీ వచ్చాడు. "నన్ను ఎక్కించినావా పాపా? రెండు బెంచీలు గూడా ఎక్కించు. ఒగటి మొన్నే ఇరిగింది గానీ, చేపిస్తా." యల్లక్క గంప మీద కనకాంబరాలు కనపడాలని పట్టుబట్టింది. చిలమత్తూరు గొర్రెలాయన తన మందను పక్కవాడి మందలో కలిపి చూపించారని గొడవ పెట్టుకున్నాడు. కదిరి తమ విభాగం కిందికి రాదని ఎంత చెప్పినా వినకుండా, అక్కడి నుంచి కూడా ఇద్దరు వచ్చి వరండాలో కూర్చున్నారు.

గోవిందరాజులు అనే చిన్న నాయకుడు కారులో వచ్చాడు. హిందూపురం కూడలిలో తన తండ్రి విగ్రహం తెర మీద పెట్టమన్నాడు.

"ఆడ విగ్రహం లేదు కద సార్?" అంది రుక్సానా.

"కంప్యూటర్లో ఉందంటే రేపు ఆడ పెట్టేకి ఎవురు అడ్డమొస్తారు? ముందు నువ్వు పెట్టు తల్లీ, మేం వెనకాల్నే పెడతాం."

మురళీధర్ పెట్టమన్నాడు, ఆమె పెట్టింది. హనుమంతరాయుడు అనే సైకిల్ మెకానిక్ కోరిక ఇంకా సూటిగా ఉంది. తన అంగడి అక్కర్లేదన్నాడు. "నా పక్కనుండే వాని కన్ను మాత్రం మూసెయ్యమ్మా. ఏం కావల్లన్నా ఇస్తా." అతన్ని బయటికి పంపేసరికి తాతలు దిగొచ్చారు.

రామకృష్ణ శెట్టి వచ్చినప్పుడు మాత్రం రుక్సానాకు తల తిరిగింది. ఆయన బట్టల అంగడి మెట్లు ఎలాగూ రోడ్డు మీదికి ఉన్నాయి. ఇంకో మూడడుగులు ముందుకు గీయమని, తర్వాత కట్టుకుంటానని, పట్టు చీర పొట్లం బల్ల మీద పెట్టాడు.

"లేనిది గీయను శెట్టిగారూ."

"గోవిందరాజులు వాళ్ళ నాయన్ను గీసినావే?"

రుక్సానా పొట్లం వెనక్కి తోసి, మౌస్ పట్టుకొని అటు తిరిగి కూర్చుంది. విగ్రహం సంగతి ఆమెకు ముల్లులా గుచ్చుకుంటూనే ఉంది. శెట్టి పొట్లం చంకలో పెట్టుకొని, కోపంగానో మెచ్చుకోలుగానో తెలియకుండా మూలిగి వెళ్ళిపోయాడు.

ఒకరోజు హజరత్‌వలి కూడా వచ్చాడు. తనను చూసుకోవాలని ఉందన్నాడు. రుక్సానా సంబరంగా భూతద్దం నొక్కి మలుపు దగ్గరికి తీసుకుపోయింది. ఆయన కళ్ళు చిట్లించి రేకులను గుర్తుపట్టి నవ్వాడు. వెంటనే నవ్వు ఆగింది.

"ఈ పందిరి యాడిది?"

"ఎండకు నాయనా. ఊరికే వేసినా."

"తీసెయ్. అదుంటే బస్సు యెట్ల తిరుగుతాది? డ్రైవర్లు నా అమ్మను తిడతారు."

రుక్సానా పందిరి తీసేసింది. ఆయన వెళ్ళాక కూడలికి పోయి గోవిందరాజులు తండ్రిని కూడా తీసేసింది. ఎవరినీ అడగలేదు.

ఏడాది గడిచేసరికి తెర మీది హిందూపురం క్రిక్కిరిసిపోయింది. గంపలో పూలు, బెంచీ మీద గ్లాసు, గొర్రె మెడలో గంట దాకా ఎక్కాయి. ఇక సంపూర్ణం అయిందని, మురళీధర్ కొబ్బరికాయ కొట్టి ముక్కోణం నొక్కాడు. కంప్యూటర్ బిగుసుకుపోయింది. చెయ్యి బొమ్మ పనిచేయలేదు, భూతద్దం పనిచేయలేదు, ఇంటి బొమ్మ నొక్కినా ఇల్లు రాలేదు. బస్సు మలుపులో నిలబడింది నిలబడినట్టే ఉంది. భోజనం చేసి వచ్చినా అక్కడే ఉంది.

ఇంతకన్నా పెద్ద కంప్యూటర్ కావాలని హైదరాబాదుకు రాశారు. జవాబు వచ్చేలోగా విశాలాక్షికి బదిలీ అయింది. ఆమె తర్వాత వచ్చినాయనకు రోడ్ల మీద ఆసక్తి లేదు, ఆయన చూపంతా చెరువుల మీద. విభాగాన్ని ఎత్తేశారు. క్షేత్ర పరిశీలనలో చూపిన ప్రతిభకు మురళీధర్‌ను రాజధానికి పిలిచి, మిగతా జిల్లాల అధికారులకు టూల్‌బార్ నేర్పే పని అప్పగించారు. వెళ్ళేటప్పుడు ఆయన మానిటర్ కింది పుస్తకాన్ని దుమ్ము దులిపి తీసుకుపోయాడు. కూల్చివేతలు ఆపమన్న ఉత్తర్వును రద్దు చేయాలంటే నమూనా సంపూర్ణం కావాలి. నమూనా చేయడానికి విభాగం లేదు. కాబట్టి మూడు ఊళ్ళలో ఎవరి రేకు వాళ్ళ నెత్తి మీద భద్రంగా ఉంది.

రుక్సానా మళ్ళీ ఇంట్లో కూర్చుంది. "తెరిచి రమ్మంటే ఉద్యోగం మూసుకొని వచ్చినావు," అని బుడన్‌బీ సణిగేది. కానీ బజారులో ఎవరైనా "ఆ పాపే కదా మనల్ని కాపాడింది" అంటే, "మా పాపే" అని ముందుకొచ్చి మరీ చెప్పేది.

వానలు పడే రోజుల్లో రామకృష్ణ శెట్టి పరుపుల అంగడికి వచ్చాడు. దిండ్లకని వచ్చి, వేరే మాట ఎత్తాడు.

"బిల్లులకు కంప్యూటర్ తెప్పిస్తాండానప్పా హజరత్‌వలీ. మీ పాపను రమ్మను."

"నీ మాట వినలేదని కోపం లేదా శెట్టీ?"

"గోవిందరాజులు వాళ్ళ నాయన్ను గూడా తీసేసిందంట కదా. నాకు గీయనిది ఇంకెవురికీ గీయదు. లెక్కల కాడ కూర్చోబెట్టేకి అట్లాంటిదే కావల్ల."

మరుసటి సోమవారం రుక్సానా కొత్త చీర కట్టుకొని బయల్దేరింది. శెట్టి అంగడి పరుపుల అంగడికి కనపడేంత దూరమే. సంతరోజు కావడంతో మలుపులో గొర్రెలు దిగాయి. బస్సు ఆగిపోయింది, ఆటోల హారన్లు మొదలయ్యాయి. ఓబుళప్ప బస్సు కిటికీల్లోకి టీ గ్లాసులు అందిస్తున్నాడు. అటు దారి లేక, ఇటు దారి లేక రుక్సానా ఒక తోపుడు బండి పక్కన నిలబడిపోయింది. మెట్ల మీద నిలబడి శెట్టి గడియారం చూపిస్తూ ఏదో అరుస్తున్నాడు. ఆమె నవ్వి, చీర కుచ్చెళ్ళు పైకి పట్టుకొని, గొర్రెల మధ్యలోకి దిగింది.